రెప్పలేని కళ్లకు రంగుల దీపాలు

టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో సరీసృపాల సంత జరిగే రోజు. హాల్లోకి అడుగుపెట్టగానే ముందు కంటికి తగిలేది ఊదారంగు వెలుగు. వరసగా పేర్చిన గాజు పెట్టెల్లో కొమ్మలు, నాచు, ప్లాస్టిక్ పుర్రెలు. వాటి మధ్య చుట్ట చుట్టుకుని పడుకున్న బాల్ పైథాన్లు. పెట్టె అంచుల వెంబడి ఎల్‌ఈడీ స్ట్రిప్పులు. ఊదా పోయి నీలం, నీలం పోయి గులాబీ, మళ్లీ ఊదా. అమ్మే మనిషి ఫోన్ మీద వేలు జరుపుతుంటే లోపలి పాము ఒంటి రంగే మారిపోతున్నట్టుంటుంది. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లానోల నుంచి అమ్మానాన్నలను వెంటబెట్టుకొచ్చిన మన తెలుగు పిల్లలూ సరిగ్గా ఆ పెట్టెల ముందే ఆగిపోతారు. ఆగకుండా ఉండటం కష్టం. నిజంగానే అందంగా ఉంటుంది.

అమెరికాలో, బ్రిటన్‌లో పాములు పెంచే తీరు ఈమధ్య బాగా మారింది. ఒకప్పుడు ప్లాస్టిక్ సొరుగులో కాగితం పరిచి, నీళ్ల గిన్నె పెట్టి వదిలేసేవాళ్లు. ఇప్పటికీ అమ్మకానికి పాము పిల్లల్ని పుట్టించే చోట్ల అలాగే ఉంచుతారు. ఇళ్లలో పెంచేవాళ్లు మాత్రం ఎదిగిన బాల్ పైథాన్‌కు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు పెట్టె కనీసం ఉండాలంటున్నారు. మంచి మార్పు. పాముకు ఒళ్లు చాపుకునే చోటు దొరికింది. అయితే పెట్టె పెద్దదై, ముందువైపు గాజు తలుపులు వచ్చి, పడగ్గది మూల నుంచి హాల్లో టీవీ పక్కకు చేరేసరికి అది ఇంటి ముస్తాబులో భాగమైపోయింది. టీవీ వెనక మెరిసే స్ట్రిప్పే పాము పెట్టెలోకీ పాకింది.

అక్కడే ఆగి ఆలోచించాలి. ఆ పెట్టె లోపల వెలిగే దీపం మనకు అలంకరణ. లోపలున్న పాముకు అదే ఆకాశం. పొద్దు ఎప్పుడు పొడిచిందో, ఎప్పుడు వాలిందో, బయటికి రావచ్చో రాకూడదో దానికి చెప్పేది ఆ దీపమే.

పుట్టలో పుట్టి పెరిగిన జీవి

బాల్ పైథాన్ సొంతూరు ఆఫ్రికా. పశ్చిమాన ఘనా, టోగో, బెనిన్ దేశాల గడ్డి మైదానాల్లో ఎక్కువగా ఉంటుంది. బెదిరినప్పుడు తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. అందుకే అమెరికన్లు దాన్ని బాల్ పైథాన్ అంటారు. బ్రిటన్‌లో రాయల్ పైథాన్ అంటారు. బెనిన్‌లోని విదా పట్టణంలో వీటికి గుడే ఉంది. అక్కడివాళ్లు వీటిని కొట్టరు, చంపరు.

నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్లే మనవాళ్లకు దీని బతుకు వేరే వివరించక్కర్లేదు. చెదలు కట్టి వదిలేసిన పుట్టలు, ఎలుకలు తవ్విన బొరియలే దాని ఇళ్లు. పగలంతా అందులోనే. లోపల చిక్కటి చీకటి, మారని తేమ, ఒంటికి నాలుగు వైపులా ఆనే మట్టి గోడ. మునిమాపు వేళ దాటాక ఎలుకల వేటకు బయటికి వస్తుంది. చీకటి దానికి భద్రత కూడా, బువ్వ కూడా.

అలాంటి జంతువును తెచ్చి రాత్రి పన్నెండింటి దాకా రంగులు మారే దీపాల కింద ఉంచితే ఏమవుతుంది? జవాబు దాని కంట్లో ఉంది.

కంటి మీద పొలుసు

పాముకు రెప్పలుండవు. కంటి మీద అద్దంలాంటి పారదర్శకమైన పొలుసు ఒకటి అతుక్కుని ఉంటుంది. కుబుసం విడిచినప్పుడు ఒంటి చర్మంతోపాటు ఈ పొలుసు పైపొర కూడా ఊడి వస్తుంది. విడిచిన కుబుసాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. తల భాగంలో రెండు చిన్న గుండ్రటి బిళ్లలు మెరుస్తాయి. అనుభవమున్న పెంపకందారు కుబుసం తీయగానే ముందు చూసేది అవే. రెండూ వచ్చాయా, ఒకటి కంటి మీదే ఉండిపోయిందా అని. కుబుసం విడవడానికి కొన్ని రోజుల ముందు ఆ పొలుసు కింద ద్రవం చేరి కళ్లు పాలు కలిపిన నీలం రంగుకు తిరుగుతాయి. చూపు మందగిస్తుంది. ఆ రోజుల్లో పాము మరీ బెదురుగా ఉంటుంది.

ఈ పొలుసులో సన్నటి రక్తనాళాలూ ఉన్నాయి. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ఒక సంగతి బయటపెట్టారు. పాము ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆ నాళాల్లో రక్తం వస్తూ పోతూ ఉంటుంది. ఏదైనా ముప్పు కనిపిస్తే నాళాలు బిగుసుకుని రక్తం ఆగిపోతుంది. చూపుకు అడ్డు తగ్గించుకోవడానికి అది చేసుకున్న ఏర్పాటు. కోచ్‌విప్ అనే అమెరికా పాములో వాళ్లు దీన్ని గమనించారు. ఎదురుగా మనిషి మసలడం కూడా ఆ కంటికి పట్టే విషయమే. అంత సూక్ష్మమైన కన్నది.

వెలుగు ఎక్కువైతే మనం రెప్ప వాలుస్తాం, చెయ్యి అడ్డం పెట్టుకుంటాం, పక్కకు తిరిగి పడుకుంటాం. బాల్ పైథాన్‌కు ఉన్న తెర ఒక్కటే. నిలువు గీతలా సన్నబడే కనుపాప. అదీ చాలకపోతే దాక్కోవాలి. దాక్కునే చోటు సరిగ్గా లేకపోతే భరించాలి.

ఇక లోపలి సంగతి. బాల్ పైథాన్ రెటీనాను పరిశీలించి 1999లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. మసక వెలుగులో పనిచేసే దండకణాలు దాని కంట్లో శంకుకణాలకు తొమ్మిది రెట్లు ఉన్నాయి. చీకట్లో తిరిగే జీవి కాబట్టి అది ఊహించదగ్గదే. అసలు విశేషం శంకుకణాల్లో ఉంది. ఒక రకం 551 నానోమీటర్ల దగ్గర, అంటే పచ్చ పసుపుల మధ్య వెలుగుకు బాగా స్పందిస్తుంది. రెండో రకం 360 నానోమీటర్ల దగ్గర. అది అతినీలలోహితం. మన కంటికి 400 నానోమీటర్ల కిందిది దాదాపు ఏమీ కనిపించదు. పాముకు కనిపిస్తుంది.

ఇప్పుడా సంతలోని ఊదా దీపాన్ని మళ్లీ తలుచుకోండి. చాలా స్ట్రిప్పుల్లో ఊదా అంటే నీలం, ఎరుపు బల్బుల కలయికే. కానీ పార్టీల్లో వాడే బ్లాక్ లైట్లను కూడా ఇదే పని మీద అమ్ముతున్నారు. అవి మనకు మసక ఊదాగా, హాయిగా కనిపిస్తాయి. ఎందుకంటే వాటి వెలుగులో ఎక్కువ భాగం మనకు కనిపించే హద్దు అంచున, లేదా హద్దు అవతల ఉంటుంది. ఆ హద్దు అవతల కూడా చూడగల జీవి మీద ఆ దీపం ఎంత గట్టిగా పడుతుందో మన కన్ను కొలవలేదు. అందుకే కంటికి ఇంపుగా ఉందన్నది ఇక్కడ కొలబద్ద కాకూడదు.

తప్పుడు అతినీలలోహిత దీపం ఏం చేస్తుందో పశువైద్య పత్రికల్లో నమోదై ఉంది. 2009లో ఒక అమెరికన్ పత్రికలో వచ్చిన కేసులో ఒక బాల్ పైథాన్, ఒక నీలి నాలుక స్కింక్ అనే బల్లి బాధితులు. సహజమైన ఎండలో ఉండనంత తక్కువ తరంగదైర్ఘ్యపు కిరణాలు వెలువరించే దీపం కింద వాటిని ఉంచారు. చర్మం కమిలింది, కళ్లు దెబ్బతిన్నాయి. ఆ దీపాలు సరీసృపాల కోసమని అమ్మినవే. ఇక సరీసృపాలతో సంబంధమే లేని అలంకరణ దీపం సంగతి ఏం చెప్పాలి?

వెన్నెలకే వెనకాడే పాములు

పున్నమి వెన్నెల భూమ్మీద పావు లక్సుకు అటూ ఇటూ ఉంటుంది. మన హాల్లో మామూలు దీపం వెలుగు వంద లక్సుల దరిదాపుల్లో ఉంటుంది. వందల రెట్ల తేడా.

అంత పలచటి వెన్నెలకే పాములు తమ నడవడి మార్చుకుంటాయి. అమెరికాలోని ప్రెయిరీ రాటిల్‌స్నేక్‌ల మీద, గ్వామ్ దీవిలో పక్షులను తినేసిన బ్రౌన్ ట్రీ స్నేక్ మీద జరిగిన అధ్యయనాల్లో ఇది తేలింది. వెన్నెల ఉన్నప్పుడు అవి బయలులో తిరగడం తగ్గించుకుని నీడ పట్టున ఉంటాయి. వెలుగులో తమను గుడ్లగూబ చూస్తుంది, ఎలుక కూడా చూస్తుంది. రెండువిధాలా నష్టమే.

ప్లానోలో ఒక తెలుగింట్లో పదిహేనేళ్ల కుర్రాడు తన బాల్ పైథాన్ గురించి చెప్పిన మాట ఇక్కడ గుర్తుకొస్తోంది.

"మొదట్లో రోజూ రాత్రి తొమ్మిదింటికల్లా బయటికొచ్చి తిరిగేది ఆంటీ. లైట్లు పెట్టాక తల కూడా బయట పెట్టట్లేదు. ఫుడ్ కూడా రెండుసార్లు వద్దంది."

పక్కనుంచి వాళ్లమ్మ అందుకుంది. "వీడు లైట్లు ఆపడు, అది గూట్లోంచి రాదు. ఇద్దరూ ఇద్దరేనండీ."

చివరికి వాడే ఆపాడు. వారం తిరగకముందే పాము మళ్లీ రాత్రిపూట తిరగడం మొదలుపెట్టింది. ఒక్క ఇంటి అనుభవాన్ని పట్టుకుని సూత్రం చేయకూడదు. బాల్ పైథాన్ తిండి మానేయడానికి చలి, తేమ తక్కువ కావడం, జోడుకట్టే రుతువు, చోటు మారడం లాంటి కారణాలు బోలెడుంటాయి. నెలల తరబడి అలిగి కూర్చోవడం దానికి మామూలే. కానీ కారణాలు వెతికేటప్పుడు చాలామంది వేడి చూస్తారు, తేమ చూస్తారు, దీపం వైపు మాత్రం చూడరు. ఆ కుర్రాడు చూశాడు.

ఎర్ర బల్బు మీద పాత నమ్మకం

పాములకు ఎరుపు కనిపించదు, కాబట్టి రాత్రి ఎర్ర బల్బు పెట్టొచ్చని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. పెంపుడు జంతువుల దుకాణాల్లో ఎర్ర బల్బు, నీలి బల్బు 'రాత్రి దీపం' పేరుతో ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఎర్రటి వెలుగు వాటికి మనకన్నా మసకగా కనిపిస్తుందన్నది సబబే. 551 దగ్గర శిఖరమున్న శంకుకణం ఎరుపు వైపు పోయేకొద్దీ మందగిస్తుంది. అయితే మందగించడం వేరు, గుడ్డిదవడం వేరు. రాత్రంతా వెలిగే ప్రకాశవంతమైన ఎర్ర బల్బు దానికి తెలుస్తూనే ఉంటుంది. నీలి బల్బు ఇంకా అన్యాయం. 494 నానోమీటర్ల దగ్గర శిఖరమున్న దండకణాల మీదికే నేరుగా వెళుతుంది. చీకట్లో చూడటానికి పాము ఆధారపడేది వాటి మీదే.

ఎర్ర బల్బు ఎందుకంటే వేడి కోసం అంటారు. రాత్రి వేడి కావాలంటే వెలుగివ్వని పింగాణీ హీటర్లు ఉన్నాయి. వెలుగు లేకుండా పరారుణ వేడినిచ్చే ప్రొజెక్టర్లు ఉన్నాయి. దేనికైనా థర్మోస్టాట్ తప్పనిసరి.

వేడిని కూడా కొండచిలువ జాతి పాములు ఒక రకంగా చూస్తాయి. పెదవుల వెంట వరసగా ఉండే గుంటలతో ఎలుక ఒంటి వెచ్చదనాన్ని చీకట్లో దూరం నుంచే పసిగడతాయి. ఆ గుంటల్లోని నరాల్లో పనిచేసే ప్రోటీను టీఆర్‌పీఏ1 అని 2010లో తేలింది. ఆ బృందంలో ఉన్న డేవిడ్ జూలియస్‌కు వేడి, స్పర్శ గ్రాహకాల పరిశోధనకు 2021లో నోబెల్ వచ్చింది. కాబట్టి పెట్టె లోపల వేడెక్కిన అడాప్టరో, స్ట్రిప్పు వెనక సర్క్యూట్ ముక్కో మనకు కనిపించని సామానే అయినా పాము దృష్టిలో అదొక వెచ్చటి ఆకారం. పదే పదే దాని దగ్గరికి వెళ్లి వాసన చూసే పాములుంటాయి.

గమ్ము చేసే ఘోరం

ఇది చాలామందికి తెలియని ప్రమాదం, వెలుగు కన్నా తక్షణమైనది. ఎల్‌ఈడీ స్ట్రిప్పు వెనక డబుల్ సైడ్ గమ్ టేపు ఉంటుంది. కాగితం ఊడదీసి అంటించడమే. బాల్ పైథాన్ పెట్టెలో తేమ 60 శాతానికి పైన ఉంచాలి. పైనుంచి వేడి. ఆ తేమకూ వేడికీ గమ్ము కొన్ని వారాల్లో సడలుతుంది. ఒక మూల ఊడి వేలాడుతుంది. రాత్రి పాము దాని మీదుగా వెళుతుంది. పొట్ట కింది వెడల్పాటి పొలుసులకు గమ్ము పట్టుకుంటుంది. పాము గింజుకుంటుంది, మెలిక తిరుగుతుంది, ఇంకో చోట అంటుకుంటుంది. తెల్లారి చూసేసరికి టేపులో చుట్టుకుపోయి ఉంటుంది.

అప్పుడు లాగకూడదు. లాగితే పొలుసులతోపాటు చర్మం చిరుగుతుంది. ఆలివ్ నూనెలాంటి వంటనూనెను వేలితో టేపు అంచు కింద రాస్తూ, తల వైపు నుంచి తోక వైపుకు, పొలుసు వాలు ప్రకారం, ఓపికగా విడిపించాలి. ముక్కు మీద, కంటి మీద అంటుకుంటే చేతులు పెట్టకుండా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. పాము పెట్టెలోకి ఏ రకం గమ్ టేపూ పోకూడదన్నది పెంపకందారులు కొత్తవాళ్లకు మొట్టమొదట నేర్పాల్సిన పాఠం. దీపాల డబ్బా మీద ఆ హెచ్చరిక నాకు ఎక్కడా కనబడలేదు.

వైరు కోసం చేసిన రంధ్రం ఇంకో తలనొప్పి. తల పట్టిన సందులోంచి పాము ఒళ్లంతా పడుతుంది. జాలీ లేని వేడి బల్బు మరొకటి. కొమ్మ అనుకుని చుట్టుకుంటుంది. చర్మం కాలుతున్నా వెంటనే వదలదు. కాలిన గాయాలతో వచ్చే పాములు పశువైద్యులకు కొత్త కాదు.

చీకట్లో మనుషులు, వెలుగులో పాములు

పాముకు దీపం ఎలా పెట్టాలన్న ఆలోచనకు వందేళ్ల చరిత్ర ఉంది. లండన్ జూలో 1849లోనే సరీసృపాల భవనం ఉంది. ప్రపంచంలో మొదటిది. 1923లో జోన్ ప్రోక్టర్ అనే యువతి అక్కడ సరీసృపాల క్యురేటర్ అయింది. చిన్నప్పటి నుంచీ రోగిష్టి మనిషి. బడి వయసులోనే మొసలి పిల్లను పెంచిన మనిషి కూడా. ఆమె రూపకల్పన చేసిన కొత్త భవనం 1927లో తెరుచుకుంది. సందర్శకులు నడిచే దారి మసకగా, జంతువుల గదులు వెలుగుగా ఉండేలా కట్టించింది. అప్పుడు గాజు మీద మన ముఖమే మనకు కనపడదు. భవనమంతా ఒకే వేడి కాకుండా ఒక్కో గదిలో ఒక మూల వెచ్చగా, ఒక మూల చల్లగా ఉండేలా విద్యుత్ ఏర్పాట్లు చేయించింది. ఎండలోని అతినీలలోహితాన్ని ఆపని ప్రత్యేకమైన గాజు వాడింది. 1931లో 34 ఏళ్లకే చనిపోయింది. ఇవాళ ఇంట్లో పాము పెట్టె సరిచేసుకునే ప్రతివాళ్లూ ఆమె దారిలోనే నడుస్తున్నారు. అందానికీ ఆమె ఏం తక్కువ చేయలేదు. రాళ్లు, కొమ్మలు, నీటి గుంటలు ఎంతో కళగా అమర్చింది. కానీ దీపం పెట్టేముందు జంతువు వైపు నుంచి ఆలోచించింది.

తర్వాత రాత్రి జంతువుల భవనాలొచ్చాయి. 1953లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, 1969లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో. జూ మూసేశాక తెల్లటి దీపాలు వేసి లోపలి జంతువులకు పగలు చేస్తారు. జనం వచ్చే వేళకు మసక వెలుగుతో రాత్రి చేస్తారు. హైదరాబాద్ నెహ్రూ జూ పార్కులోని రాత్రి జంతువుల శాలలోకి వెళ్లినవాళ్లకు ఆ చీకటి గుర్తుండే ఉంటుంది. కాసేపు ఏమీ కనిపించదు. పిల్లలు చెయ్యి పట్టుకుంటారు. నిదానంగా కళ్లు అలవాటు పడి జంతువు కదలిక తెలుస్తుంది. చూడాలనుకున్నవాళ్లే కాస్త ఓపిక పట్టాలన్నది అక్కడి పద్ధతి.

తెల్లటి దీపం చాలు

ఇంతకీ దీపమే వద్దా? కావాలి. పగలు కావాలి. రోజుకు పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి, టైమర్ మీద. తెల్లటి ఎల్‌ఈడీ పైన బిగిస్తే లోపల మనీ ప్లాంట్ లాంటి మొక్కలు ఏపుగా పెరుగుతాయి. ఆకుల నీడ పడి పాముకు దాగే చోటు పెరుగుతుంది. పగటి వేడికి హాలోజన్ బల్బు, దాని చుట్టూ జాలీ. అతినీలలోహిత దీపం మీద నిపుణుల్లో ఇంకా ఒక్క మాట లేదు. 2008 అధ్యయనంలో ఆ దీపం కింద ఉంచిన కార్న్ స్నేక్ రక్తంలో విటమిన్ డి పెరిగింది. 2013లో బాల్ పైథాన్ల మీద చేస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పెట్టదలిస్తే తక్కువ మోతాదుది, సరీసృపాల కోసం చేసినది, పాము తప్పుకోవడానికి నీడ ఉంచి పెట్టాలి. కంటిలో వర్ణకం లేని అల్బినో పాములకు మరీ జాగ్రత్త. వెచ్చటి మూల ఒకటి, చల్లటి మూల ఒకటి, రెండుచోట్లా ఒళ్లు పట్టేంత ఇరుకు గూళ్లుండాలి.

రంగులు చూడాలన్న ముచ్చట ఉంటే తెల్లటి వెలుగే దాన్ని బాగా తీరుస్తుంది. దక్షిణ అమెరికా రెయిన్‌బో బోవాను చూడండి. ఇటుక రంగు ఒళ్లు, నల్లటి వలయాలు. మామూలుగా చూస్తే అంతే. పగటి వెలుగులో అది కదిలిందంటే నీలం, ఆకుపచ్చ, ఊదా ఒంటి మీద అలలా పారుతాయి. అది రంగు పదార్థం కాదు. పొలుసుల మీది అతి సూక్ష్మమైన నిర్మాణం తెల్లటి వెలుగును విరగ్గొట్టి చేసే పని. ఆ పాము మీద నీలి స్ట్రిప్పు వేస్తే విరగ్గొట్టడానికి రంగులే ఉండవు. ఒట్టి నీలమే మిగులుతుంది. ఆగ్నేయాసియా సన్‌బీమ్ పాముదీ అదే కథ. సంతలో పాము కొనేవాళ్లు ఒక్క నిమిషం రంగు దీపం ఆపించి తెల్లటి వెలుగులో చూసుకుని కొనాలి. బాల్ పైథాన్లలో రంగును బట్టి వందల రకాలు, వాటిని బట్టి ధరలు. ఊదా వెలుగులో ఏ రకమో తేలదు, చర్మం మీద పురుగులూ కనిపించవు.

స్ట్రిప్పు మీద మనసు చంపుకోలేకపోతే దాన్ని పెట్టె బయట, వెనకవైపు గోడకేసి అంటించుకోవచ్చు. వెలుగు గోడ మీద పడాలి, గాజులోకి పోకూడదు. అదీ మనం పడుకునే వేళకు ఆగిపోవాలి.

ఇండియాలో ఉన్న మనవాళ్లకు చెప్పాల్సింది వేరే ఉంది. మన కొండచిలువను, నాగుపామును ఇంట్లో పెట్టుకోవడం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని జంతువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. బాల్ పైథాన్ మన దేశపుది కాకపోయినా వన్యజీవుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం జాబితాలో ఉంది. అందుకే 2022 సవరణ తర్వాత అది నాలుగో షెడ్యూలు కిందికి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం దాన్ని పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి. మన దేశంలో అమ్మే పాముల్లో కొన్ని ఎలా వచ్చాయో చెన్నై విమానాశ్రయం కస్టమ్స్ వాళ్లు బ్యాంకాక్ ప్రయాణికుల పెట్టెల్లో పదే పదే పట్టుకుంటున్న పాము పిల్లలే చెబుతాయి. రీల్‌లో ఊదా వెలుగు చూసి మనసు పడ్డ పిల్లలున్న ఇంట్లో ముందు మాట్లాడుకోవాల్సిన విషయం ఇది.

ఇక తయారీదారులు చేయాల్సింది ఖర్చుతో కూడుకున్నదేమీ కాదు. సరీసృపాల పేరుతో అమ్మే ప్రతి దీపం డబ్బా మీద అది ఏ తరంగదైర్ఘ్యాల వెలుగిస్తుందో, అడుగు దూరంలో అతినీలలోహిత సూచిక ఎంతో అచ్చువేయాలి. గమ్ము ఉన్న స్ట్రిప్పు మీద 'జంతువుల పెట్టె లోపల వాడరాదు' అని ఉండాలి. ఎర్ర, నీలి బల్బుల మీద 'రాత్రి దీపం' అన్న మాట తీసేయాలి.